బీపీ మాత్ర అని చెప్పాను

ఈ నవంబరు నాటికి నా కుడిచెయ్యి నా మాట వినడం పూర్తిగా మానేసింది.

నా పని పట్టాల మీద పేర్లు రాయడం. మా రాజధాని అసున్సియోన్‌లోని ఒక పశువైద్య కళాశాలలో చదువు ముగించుకుని డిసెంబరులో బయటికి వచ్చే ప్రతి డాక్టరు పేరూ ముప్పై ఒక్క ఏళ్లుగా నా పాళీ కిందనుంచే వెళ్లింది. మిగతా కళాశాలలన్నీ అచ్చు యంత్రాలకు మారినా వీళ్లు మాత్రం మారలేదు. ఈ ఏడు అరవై నాలుగు పట్టాలు. ఉత్సవం డిసెంబరు పదిహేనున. నవంబరు మొదటి వారానికి నేను పూర్తి చేసినవి సున్నా. పాడు చేసినవి నాలుగు. కళాశాల సెక్రెటరీ మంచి మనిషి. "తొందరేం లేదు దొన్ ఎలీహియో, అవసరమైతే ఈ ఒక్క ఏడాదికీ అచ్చు వేయించుకుంటాం" అంది. ఈ ఒక్క ఏడాదికీ అని మొదలైనవి ఎలా ముగుస్తాయో నాకు తెలుసు.

తప్పు మాత్రదేనని నాకు గట్టి అనుమానం.

ఆ మాత్ర సంగతి నాకూ డాక్టర్ ఒకాంపోస్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. నా భార్య నీమియా కిందటేడు ఆగస్టులో పోయింది. తర్వాత ఆరు నెలలు ఎలాగో ఈడ్చాను. ఫిబ్రవరి చివర ఒక పొద్దున మంచం దిగబోతే కాళ్లు నావి కానట్టు అనిపించింది. పదకొండు రోజులు అదే చొక్కాతో ఉన్నాను. పన్నెండో రోజు నా బావమరిది ఎర్మీనియో వంటింటి కిటికీ ఊడబెరికి లోపలికి దూకి, నన్ను స్నానం చేయించి, ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాడు. అక్కడ ఒకే వసారాలో అన్ని రకాల డాక్టర్లూ వరసగా కూర్చుంటారు. వాడు బండి నిలిపి వచ్చేలోపు నర్సు నన్ను చివరి గదిలోకి పంపింది. మనసు జబ్బుల గది అది. చీటీతో బయటికి వచ్చాక వాడు అడిగాడు.

"ఏమందయ్యా డాక్టరమ్మ?"

"బీపీ" అన్నాను. "రోజూ మాత్ర వేసుకోవాలట."

పెద్ద అబద్ధం ఆడానని అప్పుడు అనిపించలేదు. మా పేటలో ఆడవాళ్లకు దిగులు వస్తే నరాల బలహీనత అంటారు. మగవాడికి వస్తే బాటిల్ ఎక్కడ దాచాడని అడుగుతారు. బీపీ అయితే అందరికీ ఉంటుంది.

మాత్ర పనిచేసింది. ఆ మేలు దాచను. మేనెలలో ఒక ఉదయం సింకులో ఉన్న గిన్నె చూసి కడగాలనిపించింది. కడిగాను. అది చిన్న విషయం కాదు. ఆ వారమే పెట్టెలోంచి పాళీలు తీసి తుడిచాను.

కానీ ఊరికే పనిచేయలేదు. నోరు ఎప్పుడూ ఎండిపోయేది. నవ్వొచ్చే చోట నవ్వు సగమే వచ్చేది. ఆగస్టు ఇరవైన నీమియా సంవత్సరీకం ప్రార్థనలో చర్చి అంతా ఏడ్చింది, ఎర్మీనియో వెక్కి వెక్కి ఏడ్చాడు, నా కళ్లు మాత్రం ఎండగట్టిన చర్మంలా ఉండిపోయాయి. పక్కనుంచి వాడు నన్ను అదోలా చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

సెప్టెంబరులో వణుకు మొదలైంది. దానితోపాటు చెమటలు, కడుపులో గందరగోళం, దవడ బిగుసుకోవడం. నేను చదువుకున్నవాణ్ణి, కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మేవాణ్ణి. కాబట్టి కారణాన్ని వెతకడం మొదలుపెట్టాను, అంటే కనిపించిన ప్రతివాడినీ అనుమానించడం మొదలుపెట్టాను.

మొదట మందుల దుకాణాన్ని. మాత్రల పెట్టె అంతకుముందు నీలం, ఇప్పుడు ఆకుపచ్చ. "మందు అదే, కంపెనీ మారింది" అని దుకాణంలో అమ్మాయి చెప్పింది. నేను మాత్రను కాగితం మీద పెట్టి గీత గీసి కొలిచాను. పాతదానికంటే కొంచెం మందంగా ఉంది. చెమట కారుతున్న నన్ను చూసి ఆ అమ్మాయి బల్ల మీది ఫ్యాను నావైపు తిప్పింది. అబద్ధం చెప్పే మనిషి ఫ్యాను ఎందుకు తిప్పుతుంది అనుకున్నాను. మరుక్షణం, అబద్ధం చెప్పింది కాబట్టే తిప్పిందేమో అనుకున్నాను. నా బుర్ర అప్పుడు అలా ఉండేది.

తర్వాత డాక్టర్ ఒకాంపోస్. ఆవిడ కలం మీద మాత్రల కంపెనీ పేరుంది. గోడ మీది క్యాలెండరు మీదా అదే పేరు.

"చెయ్యి చాపండి" అంది. చాపాను. దాని మీద ఒక కాగితం పెట్టింది. కాగితం రెపరెపలాడింది. "ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు. ఈ మాత్ర వల్లేనా?"

"కావచ్చు. కానీ మార్చిలో మొదలుపెట్టిన మందుకి సెప్టెంబరులో వణుకు రావడం ఏమిటా అని ఆలోచిస్తున్నాను. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు."

"ఆకులూ వేర్లూ?"

"అందరిలాగే. తెరెరేలో."

"ఏవి?"

"పుదీనా... అలాంటివి."

ఆవిడ తల ఊపింది. ఆవిడ బల్ల మీదా చన్నీళ్ల కూజా, కొమ్ము కప్పు, లోహపు గొట్టం ఉన్నాయి. ఈ దేశంలో తెరెరే, అంటే ఐసునీళ్లలో ఆకులు నానేసిన పానీయం, తాగుతారా అని అడగడం నీళ్లు తాగుతారా అని అడగడం లాంటిదే.

"అయితే మందు మారుద్దాం. ఈ రోజు నుంచి వారం పాటు సగం మాత్ర. తర్వాత ఆపేసి కొత్తది కొంచెంగా మొదలుపెడదాం. మధ్యలో రెండు మూడు వారాలు కష్టంగా ఉంటుంది. తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది."

"మళ్లీ మంచాన పడతానా?"

చాలామంది డాక్టర్లు అక్కడ భుజం తడతారు. ఆవిడ తట్టలేదు.

"పడకుండా చూస్తాను. పడరని మాటివ్వలేను."

ఇంటికి నడిచి వచ్చాను. ఈ మాత్ర ఉంటే చెయ్యి ఉండదు, తీసేస్తే నేనుంటానో లేదో తెలియదు. ఫిబ్రవరిలో ఆ పదకొండు రోజులు గోడ మీద ఒకే పగులును చూస్తూ గడిపినవాడికి అది మాటలతో చెప్పే భయం కాదు. అయినా చెయ్యి లేకపోతే పొద్దున్నే లేచి చేసేదేముంది? ఆ సాయంత్రమే మాత్రను కత్తితో సగం చేశాను.

సగం మాత్ర మొదలుపెట్టిన నాలుగో రోజుకి వణుకు తగ్గింది. ఐదో రోజు పాళీ తీసుకుని ఒక పేరు రాశాను. సునీల్దా కొన్సెప్సియోన్ రెకాల్దే. ఒక్క గీతా చెదరలేదు. ఆ రోజు ఇంకో రెండు రాశాను. ఇక్కడ నవంబరు అంటే వేసవి; పెరట్లో మామిడిపండు రేకు మీద ధబ్బున పడితే ఉలిక్కిపడ్డాను కానీ పాళీ ఉలిక్కిపడలేదు. దొరికావు దొంగా అని ఆకుపచ్చ పెట్టెకేసి చూశాను.

ఆరో రోజు సోమవారం. మధ్యాహ్నానికి చెయ్యి మళ్లీ మొదలుపెట్టింది. సగం మాత్ర మీద.

దొంగ పెట్టెలో ఉంటే ఇప్పుడు వణుకు ఎందుకు రావాలి? ఆ ఐదు రోజుల్లో లేనిదీ, ఈ రోజు ఉన్నదీ ఏమిటి? కాగితం తీసుకుని రాసుకున్నాను. తిండి అదే. కాఫీ మానేసి నెలయింది. నిద్ర అంతే. చివరికి ఒక్కటే మిగిలింది. ఎర్మీనియో ఆ ఐదు రోజులూ రాలేదు, ఈ పొద్దున మళ్లీ వచ్చాడు.

వాడు పక్క ఊరు లూకేలో ఉంటాడు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు, తన కుట్టుమిషన్ల మరమ్మతు దుకాణం తెరిచే ముందు, మా ఇంటికి వచ్చి ఇద్దరికీ తెరెరే కలుపుతాడు. మా సందు మొగన న్యా దెయోలిందా (పెద్దావిడల్ని ఇక్కడ న్యా అంటారు) ఆకులమ్ముతుంది. ఆమె రోట్లో దంచి ఇచ్చిన ఆకులు ఐసు కూజాలో వేసుకొస్తాడు. కిందటి వారం న్యా దెయోలిందా మనవరాలి కాన్పుకని వియ్యారికా వెళ్లింది, ఆకులు లేవు, దానితో వాడూ రాలేదు. ఆ ఐదు రోజులూ నేను ఉత్త ఐసునీళ్లు తాగాను.

అప్పుడు మిగతావన్నీ గుర్తొచ్చాయి. సంవత్సరీకం నాటి ఆ చూపు. అక్టోబరులో వాడన్న మాట: "ఎందుకు బావా ఇంకా ఈ గీతలు గీయడం? అన్నీ సర్దుకుని లూకే వచ్చెయ్, గది ఖాళీగానే ఉంది." నా చెయ్యి పోతే పని పోతుంది, పని పోతే ఈ ఇంట్లో ఒక్కడినీ ఉండడానికి సాకు పోతుంది. అక్క పోయాక బావని తన కళ్ల ముందు పెట్టుకోవాలని వాడికుంది. దానికోసం మనిషి ఎంత దూరం వెళ్తాడు?

ఇంత ఆలోచించాక కూడా నాకు అడ్డుపడిన సంగతి ఒకటుంది. కప్పు ఒక్కటే, గొట్టమూ ఒక్కటే. నేను తాగిందే వాడూ తాగుతాడు. వాడి చెయ్యి సూదిలో దారం ఎక్కిస్తుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికే వెళ్లి సందు ఎదుట బస్సు స్టాపులో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అరవై మూడేళ్ల వయసులో ఆ పని చేసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు. వాడొచ్చాడు. న్యా దెయోలిందా పుదీనా రోట్లో వేసి దంచింది. తర్వాత బల్ల మీద వరసగా పేర్చిన కట్టల్లోంచి కాకుండా, ఒళ్లోని గుడ్డమూటలోంచి ఎండిన కొమ్మ ఒకటి తీసింది. చిన్న పసుపు పూలు. ఎర్మీనియో అటూ ఇటూ చూశాడు. ఆమె తుంచి రోట్లో వేసింది.

రోడ్డు దాటేటప్పుడు ఒక బస్సు డ్రైవరు నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

"ఏమిటది?" అన్నాను.

ఎర్మీనియో కూజా మూత కింద పడేసుకున్నాడు. "బావా! నువ్వేంటి ఇక్కడ? ఆ పేపరేంటి, తిరగేసి పట్టుకున్నావు?"

"ఆ మూటలో ఏముంది?"

"నా మీద నిఘా పెట్టావా? పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు?"

"ఎర్మీనియో, నా చెయ్యి చూడు." చాపాను. ముగ్గురం దాన్నే చూశాం. రోజూ దాన్ని జేబులోనో బల్ల కిందో పెట్టుకునేవాణ్ణి. వాళ్లు చూడడం అదే మొదలు. వాడి ముఖంలో వెటకారం పోయింది.

న్యా దెయోలిందా రోకలి పక్కన పెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఎవరినీ అండీ గిండీ అనదు.

"కూర్చో నాయనా. ఆగస్టులో ఈ పిల్లోడు నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. మా బావ అక్క ప్రార్థనలో ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు, దుఃఖం లోపల గడ్డ కట్టింది, కరిగించడానికేమన్నా ఉందా అన్నాడు. ఉందన్నాను. ఈ పువ్వు దానికే. నది అవతల మా చెల్లెలు పంపిస్తుంది. నీమియా నా పక్కన ఈ బల్ల మీద కూర్చుని ఎన్ని మధ్యాహ్నాలు కబుర్లు చెప్పిందో, ఆమె మొగుడికి ఇది పెద్ద పనా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాగుతావా?" అన్నాడు ఎర్మీనియో. "నాకేం దిగులు లేదు, పో అంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

ఇద్దరు ఆడవాళ్లు ఆకుల కోసం వెనకాల నిలబడి ఉన్నారు. చిన్నగా చెప్పబోతే గొంతు పెద్దదే వచ్చింది.

"నేను దిగులుకి మాత్ర వేసుకుంటున్నాను. మార్చి నుంచి. డాక్టరమ్మ ఇచ్చింది."

న్యా దెయోలిందా రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. ఆ తర్వాత తిరిగింది నా వైపు కాదు, ఎర్మీనియో వైపు.

"ఒరేయ్! నేను నిన్నడిగానా లేదా? ఏమన్నా మాత్రలు మింగుతున్నాడా అని అడిగానా లేదా?"

"అడిగావు న్యా. బీపీ మాత్ర ఒక్కటే అని చెప్పాను. ఈయన నాకు చెప్పిందదే!"

"ఈ పువ్వు ఆ మాత్రతో పడదు నాయనా" అంది ఆమె, ఇప్పుడు నాతో. "బజారులో ఏ ఆకులమ్మిని అడిగినా చెబుతుంది. రెండూ ఒకే పని చేస్తాయి. ఒకే మొగుడికి ఇద్దరు పెళ్లాల్లా, రెండూ ఒకేసారి ఇంట్లో ఉండకూడదు. నాతో అబద్ధం చెప్పకూడదయ్యా. నేను చెయ్యి పట్టుకుని నాడి చూసేదాన్ని కాదు, నువ్వు చెప్పిందాన్ని బట్టి దంచేదాన్ని."

రెండు నెలలుగా మందుల దుకాణాన్ని, డాక్టరుని, నా పెళ్లాం తమ్ముణ్ణి అనుమానించాను. ఈ మొత్తంలో మొదట నిజం దాచినవాణ్ణి నేనే. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకావిడ తన గొడుగు నా తల మీదకి జరిపింది. ఎండ ఎక్కువగా ఉందని కాబోలు. ఆవిడ ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు.

డాక్టర్‌కి అక్కడినుంచే ఫోను చేశాను. పువ్వు గురించి చెప్పబోతే న్యా దెయోలిందా ఫోను లాక్కుంది. ఇద్దరూ ఇక్కడి పాత భాష గ్వరానీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మొదట అరుచుకున్నట్టుంది, తర్వాత వంటల గురించి చెప్పుకుంటున్నట్టుంది. ఫోను తిరిగి ఇస్తూ, "రమ్మంటోంది, ఇప్పుడే" అంది. "బుద్ధిమంతురాలే. ఆమెకో మాట, మాకో మాట చెప్పింది నువ్వు."

డాక్టర్ ఒకాంపోస్ జ్వరం చూసింది, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది, బీపీ చూసింది. బీపీ నూట ఇరవైకి ఎనభై. ఆవిడ నవ్వలేదు కానీ కలం కింద పెట్టింది.

"ఇంకో నెల ఇలాగే సాగితే ఆసుపత్రిలో పడేవారు. తప్పు నాదీ ఉంది. పుదీనా అన్న దగ్గర ఆగాను. అసలు ఎవరు దంచుతారు, ఏం దంచుతారని అడగాల్సింది." తర్వాత చెప్పింది: "మందు మార్పు ప్రస్తుతానికి ఆపుదాం. ఆ పువ్వు వద్దు. ఇంకో వారం సగం మాత్రే, తర్వాత పూర్తి మాత్ర. రోజూ ఎలా ఉందో రాయండి. వణుకు పోకపోతే అప్పుడు మందు సంగతి చూద్దాం."

నేను వెంటనే నమ్మలేదు. నమ్మే అలవాటు అంత తొందరగా రాదు. వారం తర్వాత పూర్తి మాత్ర చేతిలో పెట్టుకుని, అది విషమేమో అన్నట్టు కాసేపు చూసి మింగాను. ఆ రోజు వణకలేదు. మర్నాడు కొంచెం వణికింది. మూడో రోజు లేదు. నవంబరు ముగిసేసరికి నా చేతిని బల్ల మీద పెట్టి దాన్ని చూడడం మరిచిపోయే క్షణాలు వచ్చాయి. అంతకంటే ఎక్కువ అడగలేను.

నోరు ఇప్పటికీ ఎండిపోతుంది. కన్నీళ్లు ఇప్పటికీ రావు. "ఈ రెండూ నిజంగా మాత్రవే" అంది డాక్టర్ ఒకాంపోస్ కిందటి గురువారం. "వీటి కోసమైనా మార్చొచ్చు. కొత్తదానితో ఏడవగలరేమో. ఇంకేదైనా పోవచ్చు కూడా. తొందర లేదు, నిర్ణయం మీది." పట్టాలయ్యాక చెబుతానన్నాను. లేవగలగడం, రాయగలగడం చేతిలో ఉన్నాయి. ఏడుపు కోసం వాటిని పందెం కాయడానికి ఇంకా ధైర్యం చాలలేదు. అలాగని ఎప్పటికీ ఏడవకుండా ఉండిపోవాలనీ లేదు.

డిసెంబరు తొమ్మిదికి యాభై ఒకటి పూర్తయ్యాయి. ఎర్మీనియో రోజూ వచ్చి జాబితాలోంచి పేర్లు అక్షరం అక్షరం చదివిపెడుతున్నాడు. చేసిన పనికి ప్రాయశ్చిత్తమని వాడంటాడు. కప్పులో ఇప్పుడు పుదీనా, నిమ్మగడ్డి. వాటిని న్యా దెయోలిందా ఒక్కొక్కటీ ఎత్తి చూపించి మరీ దంచుతోంది.

యాభై రెండో పేరు దగ్గర వాడు చదవడం ఆపాడు.

"బావా, ఆ మాత్ర వేసుకుంటే... పొద్దున్నే లేవాలనిపిస్తుందా?"

నా పాత బుద్ధి లేచింది. ఎందుకడుగుతున్నాడు? ఏం తెలుసుకోవాలని? తలెత్తి చూశాను. వాడు జాబితా కాగితాన్ని అంచులు కలిపి మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. గడ్డం చేసుకోలేదు. ఎన్నాళ్లుగా చేసుకోలేదో నేను గమనించనే లేదు. వాడి చేతుల్ని గమనించాను, వాడి కూజాని గమనించాను, వాడి ముఖం వదిలేశాను.

"నాకు అనిపించింది" అన్నాను. "రెండు నెలలు పట్టింది."

"ఆ పువ్వు తాగినన్నాళ్లూ నాకు కొంచెం బాగుండేది."

పాళీని సిరాబుడ్డి పక్కన పెట్టాను. కప్పు ఒక్కటే అన్న మాటను నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశాను! వాడి చెయ్యి ఎందుకు వణకలేదని మాత్రమే అడిగాను. వాడూ రోజూ ఎందుకు తాగాడని ఒక్కసారీ అడగలేదు.

"న్యా దెయోలిందా దగ్గర నీ పేరు చెప్పడం తేలిక" అన్నాడు వాడు, మామిడిచెట్టుకేసి చూస్తూ. "మా బావకి అంటే ఎవరూ నవ్వరు కదా. దుకాణం ఇప్పుడు పదకొండుకి తెరుస్తున్నాను. ఒక్కోరోజు తెరవడం లేదు. అక్క ఉంటే ఫోను చేసి తిట్టేది."

"గురువారం ఏడున్నరకి నాకు డాక్టరు దగ్గర ఉంది. నువ్వూ రా. బండి దగ్గర కాదు, లోపలికి."

"ఆమె ఏమడుగుతుంది?"

"అన్నీ అడుగుతుంది. ఈసారి బాగా అడుగుతుంది."

వాడు సగం నవ్వాడు. కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేశాడు.

"లూకే నుంచి ఏడున్నరకి రావాలంటే ఐదింటికి లేవాలి బావా. నా వల్ల కాదు."

"నేను ఫోను చేసి లేపుతాను" అన్నాను. "ఎత్తకపోతే కిటికీ ఊడబెరుకుతాను. తర్వాతి పేరు చదువు."